సైన్స్ వార్త మీద పంచ్ వేయడం ఎలా: వార్త చదవడం నుంచి కౌంటర్ ఆపడం దాకా

"మీరు రాకెట్ వార్త కింద రాసే ఒక్క లైను ఎలా తడుతుంది? మేం రాస్తే ఎవరూ నవ్వరు" అని చాలామంది అడుగుతున్నారు. కొందరైతే తమ జోకులు పంపి రిపేరు చేసి పెట్టమంటున్నారు. విడివిడిగా జవాబులు రాసే ఓపిక అయిపోయింది కాబట్టి వరసగా ఇక్కడ రాస్తున్నాను. పైనుంచి కిందికి ఇదే వరసలో చేయండి. ఎక్కువమంది నాలుగో మెట్టు దగ్గర మొదలుపెట్టి ఒకటో మెట్టు మీద జారిపడుతుంటారు.

మొదలుపెట్టే ముందు దగ్గర ఉండాల్సినవి

- వార్త మొత్తం (హెడ్డింగ్ స్క్రీన్‌షాట్ పనికిరాదు)
- ఫోన్లో కాలిక్యులేటర్
- నోట్స్ యాప్ గానీ పాత క్యాలెండర్ వెనక పేజీ గానీ
- పది నిమిషాలు

పది నిమిషాలు లేవంటే ఆ వార్తను వదిలేయండి. రేపు ఇంకోటి వస్తుంది.

1. వార్తను కింది నుంచి చదవండి

హెడ్డింగ్ మీద జోకు వేస్తే ఆ హెడ్డింగ్ పెట్టినవాడి మీద వేసినట్టే, సైన్స్ మీద కాదు. అసలు సరుకు సాధారణంగా ఐదో పేరా తర్వాత ఉంటుంది.

2024 వైఆర్4 గ్రహశకలం సంగతి చూడండి. 2024 డిసెంబరు 27న చిలీలోని టెలిస్కోపు దాన్ని పట్టింది. 2032 డిసెంబరు 22న భూమిని ఢీకొట్టే అవకాశం ఉందన్నారు. "భూమికి ముప్పు", "లెక్కపెట్టుకోవాల్సిన రోజులు" అని హెడ్డింగులు. కిందికి వెళ్తే అసలు అంకె కనిపిస్తుంది: 2025 ఫిబ్రవరి 18న ఆ అవకాశం గరిష్ఠంగా 3.1 శాతం. తర్వాత కొద్దిరోజులకే దాదాపు సున్నాకి పడిపోయింది.

హెడ్డింగ్ చదివినవాళ్లు "ఈఎంఐలు కట్టక్కర్లేదు" అని రాశారు. వందమంది ఒకేరోజు రాశారు. అంకె చదివినవాడికి దొరికేది వేరు: "మన దగ్గర 35 వస్తేగానీ పాస్ చేయరు. దీన్నేమో 3.1కే భూమి దాకా పంపించేస్తున్నారు."

చదివేటప్పుడు ఇవి వెతకండి:

- ప్రయోగం ఎవరి మీద చేశారు? మనుషులా, ఎలుకలా, కంప్యూటర్ మోడలా?
- అయిపోయిందా, "అవ్వొచ్చు" అన్నారా?
- పరిశోధన పత్రం (పేపర్) వచ్చిందా, కంపెనీ ప్రకటన మాత్రమేనా?
- ముఖ్యమైన అంకె ఏది, ఏ కొలతలో ఉంది?

"మతిమరుపుకి మందు దొరికింది" అనే వార్తల్లో చాలాసార్లు మందు దొరికింది ఎలుకకి. ఆ సంగతి మీకు తెలిసి రాస్తే అదే సగం జోకు.

2. లెక్క సరిచూడండి

ఇక్కడ సోమరితనం పనికిరాదు. జోకులో తప్పు లెక్క ఉంటే జనం నవ్వడం మానేసి దిద్దడం మొదలుపెడతారు. గ్రూపులో రిటైరైన ఫిజిక్స్ మాస్టారు ఒకాయన ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

నాకు జరిగిందే చెబుతాను. మా వీధి ఫ్లైఓవర్ గురించి "ఇది పూర్తవడానికి ఇంకో రెండు కాంతి సంవత్సరాలు పడుతుంది" అని రాశాను. నిమిషంలో జవాబు: "కాంతి సంవత్సరం దూరం బాబూ, కాలం కాదు." జోకు చచ్చింది, నేనూ చచ్చాను.

మనవాళ్లు ఎక్కువగా తడబడేవి:

- 1 మిలియన్ = 10 లక్షలు
- 1 బిలియన్ = 100 కోట్లు
- 1 ట్రిలియన్ = లక్ష కోట్లు
- కాంతి సంవత్సరం = దూరం, సుమారు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు

లెక్క కుదిరిన జోకు ఎంత బలంగా నిలుస్తుందో మంగళయాన్ దగ్గర చూడొచ్చు. ఖర్చు 450 కోట్ల రూపాయలు, ప్రయాణం సుమారు 65 కోట్ల కిలోమీటర్లు. భాగిస్తే కిలోమీటరుకి ఏడు రూపాయల లోపే. అహ్మదాబాద్‌లో ఆటోకే కిలోమీటరుకి 10 రూపాయలవుతుంది, మనం 7 రూపాయలకి అంగారకుడి దాకా వెళ్లాం అని 2014లో ప్రధాని మోదీ అన్న మాట ఈ లెక్కే. అదే మీరు తొందరపడి, రెండు గ్రహాలూ బాగా దగ్గరికొచ్చినప్పుడుండే సుమారు 5.5 కోట్ల కిలోమీటర్లతో భాగించారనుకోండి, కిలోమీటరుకి 80 రూపాయలు దాటుతుంది. వర్షం పడుతున్నప్పుడు క్యాబ్ రేటు అది. జోకు తిరగబడుతుంది.

3. వార్తలో వంకర ఎక్కడుందో పట్టుకోండి

అసలు పని ఇదే. ప్రతి మంచి సైన్స్ వార్తలోనూ ఒకదానికొకటి పొసగని రెండు విషయాలు పక్కపక్కన ఉంటాయి. ఒకటి చాలా పెద్దది, ఒకటి చాలా చిన్నది. ఒకటి చాలా ఖరీదు, ఒకటి చాలా చవక. వాటిని పట్టుకుంటే పంచ్ దానంతటదే వస్తుంది.

ఒకటి దగ్గర పెట్టుకుని చూద్దాం. 2011 సెప్టెంబరులో, న్యూట్రినోలు అనే అతి సూక్ష్మ కణాలు కాంతికంటే వేగంగా వచ్చాయని ఒపెరా ప్రయోగం వాళ్లు ప్రకటించారు. నేను కాగితం మీద ఇలా రాసుకుంటాను:

- జెనీవా దగ్గర సెర్న్ పరిశోధన కేంద్రం నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో ల్యాబ్‌కి దాదాపు 730 కిలోమీటర్లు
- కాంతికంటే 60 నానోసెకన్లు ముందొచ్చాయి
- నిజమైతే, కాంతికంటే వేగంగా ఏదీ వెళ్లలేదన్న ఐన్‌స్టీన్ సిద్ధాంతానికి దెబ్బ
- గ్రాన్ సాసో ల్యాబ్ ఒక కొండ కింద ఉంది
- 2012లో తేలిన ప్రధాన కారణం: సరిగ్గా బిగించని ఫైబర్ ఆప్టిక్ కేబుల్

ఇప్పుడు పొసగని జంటలకి సున్నా చుట్టండి. ఐన్‌స్టీన్, లూజు వైరు: ఇది అందరికీ కనిపిస్తుంది. "ఐన్‌స్టీన్‌ని ఓడించబోయిన వైరు" అని ఆ వారమంతా ఏదో ఒక భాషలో ఎవరో ఒకరు రాసే ఉంటారు. మొదట తట్టింది అందరికీ తట్టిందే, పక్కన పెట్టండి.

రెండో జంట చూడండి: కొండ, వైరు. మన దగ్గర దీనికి సామెత సిద్ధంగా ఉంది. "కొండను తవ్వి ఎలుకను పట్టారని వినడమే. వీళ్లు వైరును పట్టారు."

ఇది నిలబడటానికి కారణం, ఆ కొండ నిజంగానే ఉంది. సామెతలోని కొండ, వార్తలోని కొండ ఒకటైపోయాయి. ల్యాబ్ కొండ కింద ఉందన్న సంగతి ఆరో పేరాలో ఎక్కడో ఉంటుంది. అందుకే ఒకటో మెట్టు.

ఇంకో మాట. ఆ శాస్త్రవేత్తలు "మా లెక్కలో తప్పెక్కడో మాకు దొరకడం లేదు, మీరూ చూడండి" అనే పద్ధతిలోనే ప్రకటించారు. అది తెలిస్తే మీ జోకులో ఎకసెక్కం పాలు తగ్గి సరదా పాలు పెరుగుతుంది.

4. అతుకు పరీక్ష

జోకు రాశాక వార్తను తీసేసి ఇంకో వార్త పెట్టి చూడండి. అక్కడా అతికితే అది ఈ వార్త జోకు కాదు, ఏ చొక్కాకైనా పెట్టుకునే పిన్నీసు.

ఈ పరీక్షలో ఎప్పుడూ తప్పేవి కొన్ని ఉన్నాయి. ఇవి రాయబోతే చెయ్యి ఆపండి:

- చంద్రుడి మీద ప్లాట్లు, గజం రేటు, రిజిస్ట్రేషన్
- ఏలియన్లు అమెరికాలోనే ఎందుకు దిగుతారు
- ఏఐ నా ఉద్యోగం తీసుకుంటే ఈఎంఐ కూడా అదే కట్టాలి
- ఇది మనవాళ్లు ఎప్పుడో కనిపెట్టారు (వెటకారంగా రాసినా సరే, నిజంగా అనుకునేవాళ్లు వచ్చి చేరతారు)

ప్లాట్ల జోకుని బతికించాలంటే దానికి ఆ రోజు వార్తలోని వివరం ఒకటి తగిలించాలి. తగిలించగలిగితే రాయండి. నాకైతే ఇప్పటిదాకా చేతకాలేదు.

5. పంచ్ పదాన్ని చివరికి నెట్టండి

తెలుగులో ఇబ్బంది ఏమిటంటే వాక్యం చివర క్రియ వచ్చి కూర్చుంటుంది. పేలాల్సిన పదం మధ్యలో పేలిపోతుంది, తర్వాత "అయింది", "ఉంది", "చేశారు" అంటూ పొగ మిగులుతుంది.

2024 జులై 19న ఒక సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తేడా కొట్టి, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారమే 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర వేసుకుని ఆగిపోయాయి. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో అందరి ఫోన్లలో తిరిగింది. దాని మీద నా చిత్తుప్రతులు ఇవి:

మొదటిది: "సర్వర్లన్నీ డౌన్ అయిపోయినా బాల్‌పెన్ను మాత్రం చక్కగా పనిచేసింది కాబట్టి టెక్నాలజీని మరీ ఎక్కువ నమ్మకూడదు." ఇది జోకు కాదు, స్కూలు అసెంబ్లీలో ప్రిన్సిపాల్ గారి ప్రసంగం.

రెండోది: "సర్వర్లన్నీ డౌన్ అయినా బాల్‌పెన్ను పనిచేసింది." నీతి పోయింది, బావుంది. కానీ పెన్ను మధ్యలో ఇరుక్కుంది.

మూడోది: "ఆ రోజు డౌన్ అవనిది ఒక్కటే. బాల్‌పెన్ను."

అంతే. క్రియను ముందు వాక్యంలో సర్దేసి, పేలే పదాన్ని ఒంటరిగా నిలబెట్టాలి. "అనేది", "అని చెప్పొచ్చు", "కదా మరి" లాంటి తోకలు కత్తిరించండి. పైకి చదివి చూడండి, ఊపిరి తీసుకోవాల్సి వస్తే పొడుగెక్కువైనట్టు.

6. తెలుగులో ఉన్న పనిముట్లు వాడండి

ఇంగ్లిష్ మీమ్‌ని తెలుగు అక్షరాల్లో దించితే అది అరువు చొక్కాలా వదులుగా ఉంటుంది. మన దగ్గరే మూడు పదునైనవి ఉన్నాయి.

శ్లేష: 2006 ఆగస్టు 24న ప్లూటోకి గ్రహం హోదా పోయింది. "ప్లూటోకి గ్రహచారం బాగాలేదు. గ్రహమే కాకుండా పోయాడు." ఇది తెలుగులో తప్ప పేలదు. శ్లేష వేశాక "అర్థమైందా? గ్రహం, గ్రహచారం" అని విప్పి చెప్పకండి.

మెలితిప్పిన సామెత: 2023 జులైలో ఎల్‌కే-99 అనే పదార్థం మామూలు గది వేడిలోనే సూపర్ కండక్టర్ (కరెంటును ఏ అడ్డూ లేకుండా పంపేది) అన్నారు. ఇతర ల్యాబులు తయారుచేసి చూస్తే (దీన్నే రెప్లికేషన్ అంటారు) కాదని తేలింది. తేలకముందే, తోటి శాస్త్రవేత్తలు సరిచూడకముందే (అదే పీర్ రివ్యూ), జనం అయస్కాంతాల మీద గాల్లో తేలే మాగ్లెవ్ రైళ్లు నడిపేశారు. దానికి: "పీర్ రివ్యూ లేదు, రెప్లికేషన్ లేదు, మాగ్లెవ్ రైల్లో కిటికీ సీటు బుకింగ్." ఆలు లేదు చూలు లేదు అన్న లయ చెవిలో ఉన్నవాడికి చివరి ముక్క దగ్గర నవ్వొస్తుంది. సామెతను మొత్తం చెప్పకండి, లయ మాత్రం ఉంచండి.

మర్యాద వెటకారం: గోదావరి జిల్లాల సొత్తు. తిట్టాల్సిన చోట "గారు" పెట్టడం. నాసా అంతరిక్ష నౌక వాయేజర్-1 బయల్దేరింది 1977లో. 2023 నవంబరులో అర్థంకాని డేటా పంపడం మొదలుపెడితే, 2024 ఏప్రిల్‌కి ఇంజినీర్లు భూమ్మీద కూర్చునే దారికి తెచ్చారు. "వాయేజర్ గారు 2400 కోట్ల కిలోమీటర్ల అవతల నుంచి సిగ్నల్ పంపిస్తున్నారండి. మా వైఫై గారికి మాత్రం హాల్లోంచి వంటగదిలోకి రావడానికి మనసొప్పట్లేదండి." ఇందులో "అండి" తీసేసి చదవండి, సగం ఉప్పు పోతుంది.

మూడూ ఒకే లైనులో వాడకండి.

7. ఎవరి మీద వేస్తున్నారో చూసుకోండి

చేత్తో బోర్డింగ్ పాసులు రాసిన కౌంటర్ అమ్మాయి మీద జోకు వేయొద్దు. ఆ రోజు పనిచేసింది ఆవిడే. హడావుడి, అతి ప్రచారం, హెడ్డింగ్, మన ఇంటి వైఫై, మనం: వీటిమీద ఎంతైనా వేయొచ్చు.

మనుషుల ప్రాణాలు తేలని వార్త అయితే పెన్ను మూసేయండి. 2023 జూన్‌లో టైటానిక్ శిథిలాలు చూడటానికి ఐదుగురితో వెళ్లిన టైటన్ అనే చిన్న జలాంతర్గామి జాడ తెలియక వెతుకుతుండగానే జోకులు వచ్చిపడ్డాయి. కొన్ని తెలివైనవే. అయినా ఆ వారం నేను ఏమీ రాయలేదు, ఇప్పుడూ రాయను.

8. జోకు వార్త వేషం వేయకూడదు

2022 జులై 31న ఫ్రాన్స్‌లో పేరున్న భౌతిక శాస్త్రవేత్త ఎతియెన్ క్లైన్ ఎర్రటి గుండ్రటి ఫొటో ఒకటి పెట్టి, 4.2 కాంతి సంవత్సరాల దూరంలోని ప్రాక్సిమా సెంటారీ నక్షత్రం, జేమ్స్ వెబ్ టెలిస్కోపు తీసింది అన్నారు. జనం మురిసిపోయారు. అది కోరిజో అనే సాసేజ్ ముక్క. తర్వాత ఆయన క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. మన దగ్గరైతే దిబ్బరొట్టె పెట్టి శుక్రగ్రహం అన్నట్టు.

మనుషులే కాదు, యంత్రాలూ నమ్ముతాయి. 2024 మేలో గూగుల్ ఏఐ, పిజ్జా మీద చీజ్ జారిపోకుండా సాస్‌లో జిగురు కలపమని సలహా ఇచ్చింది. ఎక్కడిదా అని తవ్వితే, 11 ఏళ్ల కింద రెడిట్ అనే చర్చల సైటులో ఎవరో సరదాకి రాసిన మాట.

నా అనుభవం ఇంకా చిన్నది. ఒక గ్రహణం రోజు ఫ్యామిలీ గ్రూపులో "ఈసారి గ్రహణంపై 18 శాతం జీఎస్టీ. విడుపు స్నానానికి మినహాయింపు" అని రాశాను. సాయంత్రం పిన్ని ఫోను: "ఒరే, పట్టు స్నానానికి కూడా మినహాయింపు ఉందేమో కనుక్కో." మూడో రోజు అదే మెసేజ్ నా పేరు లేకుండా, "ముఖ్య గమనిక" అన్న తలకట్టుతో నాకే ఫార్వర్డ్ అయింది.

పోస్టు చేసే ముందు:

- ఫలానా శాఖ, ఫలానా తేదీ, ఫలానా రేటు అనే వార్తల అచ్చులో ఉందా? ఉంటే మార్చండి
- "నేను", "మా ఇంట్లో" అని ఎక్కడైనా ఉందా? ఉంటే వార్త అనుకోరు
- నవ్వే బొమ్మ మీద ఆధారపడుతున్నారా? ఫార్వర్డులో అది రాలిపోతుంది
- ఆరోగ్యం, మందులు, తిండి గురించా? అయితే ఒట్టి అతిశయోక్తి కూడా వద్దు. ఎవరో ఒకరు చేసి చూస్తారు

9. మాటకు మాట

జోకు ఒక్కరు వేసేది, సరదా ఇద్దరిది. అవతలివాళ్లు కౌంటర్ వేయడానికి కాస్త చోటు వదలాలి. చంద్రయాన్-3 దిగిన వారంలో మా బావకీ నాకూ నడిచింది చూడండి:

"బావా, ప్రజ్ఞాన్ రోవర్ స్పీడు సెకనుకి ఒక్క సెంటీమీటరంట."

"సాయంత్రం ఆరింటికి అమీర్‌పేటలో అది ఓవర్ స్పీడు."

"అక్కడ ట్రాఫిక్ లేదుగా, ఎందుకంత నిదానం?"

"ట్రాఫిక్ లేదు సరే. పంచర్ షాపు కూడా లేదుగా."

నాలుగో లైను దగ్గర నేను ఆపేశాను. బావ గెలిచాడు, పైగా అందులో అసలు కారణం కూడా ఉంది: ఆగిపోతే బాగుచేసే దిక్కు లేని చోట నిదానమే పద్ధతి. ఐదో లైను రాసుంటే దాన్ని కప్పేసేవాణ్ని.

గుర్తుంచుకోవాల్సినవి: అవతలివాళ్ల మాటలోంచే మీ మాట అందుకోండి, కొత్త టాపిక్ ఎత్తకండి. మూడు నాలుగు వంతులు చాలు. మీకంటే మంచిది వస్తే "ఇది బావుంది" అని ఒప్పేసుకోండి. వాళ్లు సీరియస్‌గా ప్రశ్న అడిగితే జోకు ఆపి జవాబు చెప్పండి. రాజకీయ పార్టీల వైపు బండి తిరిగితే దిగిపోండి.

10. తేడా కొడితే ఏం చేయాలి

వాస్తవం తప్పు రాశారు: అక్కడే, అదే గ్రూపులో దిద్దండి. నా ఫ్లైఓవర్ జోకుకి నేను రాసింది: "మాస్టారూ, ఒప్పుకున్నాను. జోకును రెండు కాంతి సంవత్సరాల దూరం విసిరేశాను." అసలు జోకుకంటే దీనికే ఎక్కువ నవ్వారు.

నిజమనుకుని ఫార్వర్డ్ చేశారు: "ఇది నేను రాసిన జోకు, వార్త కాదు" అని మామూలు మాటల్లో పంపండి. ఇక్కడ చమత్కారం చేయకండి. పిన్నికి ఫోను చేయండి.

ఎవరో నొచ్చుకున్నారు: "సరదాకే కదా" అనకండి. నిప్పు మీద నెయ్యి అది. విడిగా మాట్లాడి, పొరపాటుంటే ఒప్పుకోండి.

ఒకే జోకు ఇద్దరు వేశారు: ముందు వేసినవాళ్లకి వదిలేయండి. టైమ్ స్టాంపుల గొడవ చూడ్డానికి బాగుండదు.

ఎవరూ నవ్వలేదు: వివరించకండి. రెండోసారి పెట్టకండి. డిలీట్ అసలే చేయకండి. "డిలీట్ చేశారు" అన్న గుర్తు అక్కడ మిగిలిపోతుంది, "ఏం రాశావ్ బావా, ఏం రాశావ్?" అని పదిమంది అడుగుతారు. అప్పుడు ఆ జోకు మళ్లీ చెప్పాల్సి వస్తుంది.